నాలుగో తరం పేరు

పెత్రమాస నాడు తెల్లారేసరికి మా లక్డారంలో చాటలు సిద్ధమవుతాయి. బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, ఎండుమిరపకాయలు, బీరకాయలు, ఆకులో పెట్టిన దక్షిణ. అయ్యగారు అరుగు మీద కూర్చుని దర్భ చేతికిచ్చి "పేర్లు చెప్పుండ్రి" అంటారు. నాన్న పేరు చెప్తాను. తాత పేరు చెప్తాను. ముత్తాత పేరు చెప్తాను. అక్కడితో సరి. శాస్త్రం అడిగేదీ మూడు తరాలే, మాకు గుర్తున్నదీ మూడు తరాలే. సాయంత్రానికి ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుంటారు, పొద్దుటి పేర్లు మళ్లీ ఏడాది దాకా ఎవరి నోటా వినబడవు.

మా ముత్తాత పుట్టింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. ఆయన తండ్రి ఎవరు, ఏం చేసేవాడు, ఎవరిని పెళ్లాడాడు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏండ్లు వదల్లేదు. నాలుగో తరం మనిషి చిత్రమైన చోట నిలబడతాడు. పిండానికి అందడు, ఫొటోకు అందడు. ఆయనను చూసినవాళ్లను చూసినవాళ్లు కూడా పోయారు.

మొదట కాగితాలు వెతికాను. హైదరాబాద్ రాజ్యంలో భూమి ఉన్న ఇంటికి ఎంతోకొంత కాగితం ఉంటుంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు తీస్తే మా తాత పేరు, పక్కన 'వల్ద్' అని, ఆయన తండ్రి పేరు దొరికాయి. వల్ద్ అంటే ఫలానావారి కొడుకు. ఆ చిన్న మాట ఒక్క అడుగు వెనక్కి వేయిస్తుంది. పహాణీ కన్నా పాతది సేత్వార్. నిజాం కాలంలో భూములు కొలిచి, సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు వరసగా ఎక్కించిన చిట్టా అది. మా చెలక నంబరుకు సంబంధించిన నకలు ఉర్దూలో ఉంటే పటాన్‌చెరులో ఉర్దూ తెలిసిన పెద్దాయన ఒకరితో చదివించుకున్నాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ నంబరు చదివాడు, గుంటలు చదివాడు, పేరు చదివాడు. ఆ పేరు మా వాళ్లలో ఎవరిదీ కాదు. ఇంటిపేరు కూడా మాది కాదు.

ఇంకెవరిదో భూమి మాకు ఎట్లా వచ్చింది? కొన్నామా, ఎవరైనా ఇచ్చారా, చెప్పుకోలేని దారిలో కలిసిందా? కాగితం దానికి జవాబు చెప్పదు. దాని పని శిస్తు ఎవరు కట్టాలో చెప్పడం, ఆ పనిని చక్కగా చేసింది. మనిషి చరిత్ర దానికి అప్పగించిన పని కాదు.

ఆ పని అప్పగించిన మనుషులు వేరే ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల పనితనం గురించి.

మా చిన్నప్పుడు పంటలు ఇంటికొచ్చాక ఊళ్లోకి దిగేవాళ్లను అందరూ పిచ్చిగుంట్లవాళ్లు అనేవాళ్లు. ఇప్పుడు వాళ్లు తమను వంశరాజులమని చెప్పుకుంటారు, ప్రభుత్వ జాబితాలోనూ ఆ పేరు ఉంది. ఆ పేరే సరైనది. వాళ్లు చేసే పని అందులో ఉంది. పాత పేరు వెనక వాళ్లే చెప్పే ఒక కథ ఉంది. ఒక కాపు ఇంట నూటొక్కమంది సంతానం, అందులో ఒకడు కుంటివాడు. అరక దున్నలేడు, మోట కొట్టలేడు. అన్నదమ్ములంతా తలా ఇంత పెట్టి సాకుతామని మాటిచ్చారు, బదులుగా అతను వాళ్ల గోత్రాలు, ఇంటిపేర్లు, వంశాలు గుర్తుపెట్టుకుని చెప్తానన్నాడు. ఈ కథను ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల కులాల గ్రంథంలో కూడా ఎక్కించారు. కథ నిజమా అని నేను అడగను. నన్ను ఆకట్టుకునేది అందులోని ఒప్పందం. నడవలేనివాడి చేతికి వంశాన్ని నడిపించే పని ఇచ్చారు. అందరి తిండిలో అతనికి వాటా, అతని గుర్తులో అందరికీ వాటా.

తెలంగాణలో ఇట్లాంటి ఒప్పందం ఒక్క కులంతో ఆగలేదు. గొల్లలకు మందెచ్చులవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, విశ్వకర్మలకు రుంజలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. ఒక్కొక్కరికి కొన్ని ఊర్లు హక్కు, అన్నదమ్ములు వేరుపడితే ఊర్లూ పంచుకుంటారు. వాళ్లకిచ్చేదాన్ని త్యాగం అంటారు, బిచ్చం అనరు. ఈ తేడాను వాళ్లు గట్టిగా పట్టుకుంటారు, అది న్యాయం. కొందరి దగ్గర చేర్యాల నకాశీలు రాసిన పటాలుంటాయి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు దించిన ఆ పటం చుట్ట విప్పుతుంటే కథ కిందికి దిగుతుంది. పటం పాతబడితే కొత్తది రాయించుకుని పాతదాన్ని నీళ్లలో కలిపేస్తారు. మా ఇంటికొచ్చే వంశరాజు దగ్గర పటం లేదు. ఒక తంబుర, వెంట వంతకు ఒక తమ్ముడు, అంతే. చూపించడానికి ఏమీ లేదు కాబట్టి అంతా చెప్పాల్సిందే.

ఆయన మళ్లీ మా గడపలోకి వచ్చేసరికి నేను పనిలోంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. చాప వేస్తే కూర్చోలేదు, ముందు గుమ్మం వంక చూసి "తూర్పు మొగం ఉండె, ఎప్పుడు తిప్పిన్రు పటేలా?" అన్నాడు. ఇల్లు కూలగొట్టి కట్టి పదేండ్లయింది. పాత గుమ్మం సంగతి మా పిల్లలే మరిచిపోయారు. నేను సేత్వార్ సంగతి చెప్పలేదు, కావాలనే దాచుకున్నాను. "పెద్దయ్యా, మా ముత్తాతకు తండ్రిని చెప్పు" అని మాత్రం అడిగాను. ఆయన నవ్వాడు. "నడిమిట్లకెళ్లి ఇరగ్గొట్టి ఇస్తే అది వంశమైతదా? మొదటికెళ్లి రానియ్యి."

ఇక్కడే ఆయన పని మొదటి సూత్రం తెలిసింది. ఆయనకు వంశం పేర్ల జాబితాగా తెలియదు, నడకగా తెలుసు. గోత్రంతో మొదలుపెట్టాడు, ఇంటిపేరుకు వచ్చాడు, ఆ ఇంటిపేరు ఏ ఊరి మీదుగా వచ్చిందో చెప్పాడు, అక్కడి నుంచి ఒక్కొక్క మనిషినీ దింపాడు. తంబుర తీగ ఒక్కో తరం చివర ఒక్కసారి మోగుతుంది. తరం లోపల అన్నదమ్ములను చెప్పేటప్పుడు తీగ ముట్టడు. వింటూ ఉంటే కొంతసేపటికి మన చెవే లెక్కపెట్టుకుంటుంది, ఇప్పుడు ఎన్నో తరంలో ఉన్నామో అడగనక్కర్లేదు. చదువుకున్నవాళ్లు వంశవృక్షం గీస్తే గీతలతో చేసే పనిని ఆయన ఒక్క తీగతో చేశాడు.

రెండోది, పేరు ఎప్పుడూ ఒంటరిగా రాదు. మా దిక్కు తాత పేరు మనవడికి పెడతారు. అందుకే ప్రతి ఇంట్లో తరం విడిచి తరం ఒక మల్లయ్య ఉంటాడు. ఒకే కడుపున పుట్టినవాళ్లలోనే పెద్ద మల్లయ్య, నడిపి మల్లయ్య, చిన్న మల్లయ్య ఉంటారు. కాగితంలో వీళ్లంతా కలిసిపోతారు. 'మల్లయ్య వల్ద్ రాజయ్య', 'రాజయ్య వల్ద్ మల్లయ్య' అని రెండు కాగితాలు చేతికొస్తే ఎవరు తాతో ఎవరు మనవడో ఏ ఆఫీసరూ తేల్చలేడు. వంశరాజు ప్రతి పేరుకూ మూడు ముడులు వేస్తాడు. ఒకటి, ఆ మనిషి చేసిన ఒక పని: బావి తవ్వించాడు, గుడికి ద్వారబంధం చేయించాడు, ఎడ్ల జతను పోగొట్టుకున్నాడు. రెండు, చేసుకున్నామె ఏ ఇంటి ఆడపడుచు, ఏ ఊరు. మూడు, ఎంతమంది పిల్లలు, అందులో ఎందరు బతికారు. బావి తవ్వించిన మల్లయ్యను ఎడ్లు పోగొట్టుకున్న మల్లయ్యతో ఎవరూ కలపలేరు.

ఈ మూడు ముడుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది రెండోది. పట్టాలో ఆడవాళ్లు ఉండరు. వల్ద్ అనే మాట తల్లిని అడగదు. ఆయన చెప్పే వంశంలో మాత్రం ప్రతి తరానికీ ఒక ఆడమనిషి ఇంకో ఊరి నుంచి నడిచొస్తుంది, ఆమె వెంట ఒక ఇంటిపేరు వస్తుంది. ఆ ఇంటిపేరు వాళ్లకు కూడా వంశరాజు ఉంటాడు. ఒకరి లెక్కను ఇంకొకరి లెక్క పట్టుకుని ఉంటుంది. ఒక ఊళ్లో తప్పు చెప్తే పక్క ఊరి వియ్యంకుల ఇంట్లో దొరికిపోతాడు.

మూడోది వంత. తమ్ముడు "ఔనయ్యా", "ఆహా" అంటున్నాడని మొదట అనుకున్నాను. చెవి దగ్గరపెట్టి వింటే తెలిసింది, అన్న ఒక తరం ముగించగానే తమ్ముడు ఆ తరంలో చివరి పేరును మెల్లగా తిరిగి అంటాడు. అన్న దాన్ని అందుకునే తరువాతి తరంలోకి దిగుతాడు. ఒకచోట అన్న గొంతు ఆగింది. తమ్ముడు పేరు అందించలేదు, అంతకు ముందు తరం మనిషి చేసిన పనిని గుర్తుచేశాడు. బావి అనగానే అన్నకు కొడుకు పేరు వచ్చేసింది. పేరు మరిచిపోతే పేరు చెప్పి లేపరు, పనితో లేపుతారు. వాళ్ల అయ్య నేర్పింది అట్లా అని తరువాత చెప్పాడు. పది పన్నెండేండ్ల పిల్లవాడిగా తండ్రి వెనక ఊరూరా తిరుగుతూ వంత పట్టడమే బడి, ముందు కొన్నేండ్లు పేర్లు తిరిగి అనడమే చదువు.

సంతానం లేనివాళ్లను కూడా ఆయన వదలడు. అది చూసి నాకు గొంతు పట్టేసింది. పుట్టి పురిట్లోనే పోయిన పిల్లలను లెక్కలో చెప్పాడు, గత్తరకు పోయిన ఇద్దరు అన్నదమ్ములను పేర్లతో చెప్పాడు. వాళ్ల తరువాత ఎవరూ లేరు, వాళ్ల పేరు అడిగే వారసుడు లేడు, ఆ పేర్లకు త్యాగం ఇచ్చేవాడూ లేడు. అయినా తంబుర తీగ వాళ్ల కోసం కూడా మోగింది.

ఇక నాలుగో తరం. "గీడ ఇగ జర ఇనుండ్రి" అని మోకాలు మార్చి కూర్చున్నాడు. మా ముత్తాత తండ్రి లక్డారంలో పుట్టలేదు. ఇల్లరికం వచ్చాడు. ఈ ఊళ్లో ఒక కాపుకు ఒక్కతే బిడ్డ, మగపిల్లలు లేరు. ఆమె కోసం వేరే ఊరి నుంచి అల్లుణ్ని తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నారు. భూమి ఆమె వెంట వచ్చింది, ఇంటిపేరు ఆయన వెంట వచ్చింది. సేత్వార్‌లో ఉన్న పరాయి ఇంటిపేరు ఆమె తండ్రిది. నేను ఇన్నాళ్లు వెతుకుతున్న తాత కన్నా ముందు ఈ మట్టి మీద ఉన్నది ఒక ఆడమనిషి. వంశరాజు ఆమె పేరు చెప్పాడు, ఆమె తల్లి పుట్టిల్లు చెప్పాడు, ఆమెకు ఐదుగురు పుడితే ఇద్దరు దక్కారని చెప్పాడు. నేను లోపలికి వెళ్లి ఆ ఉర్దూ నకలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. చదువు రాని మనిషి, దాన్ని చేత్తో తాకను కూడా లేదు. "ఉండొచ్చు పటేలా, వాండ్లు గూడ రాసుకుంటరు గద" అన్నాడు.

ఎప్పటి సంగతి అని అడిగితే ఆయన చెప్పిన తీరు ఇంకొక పనితనం. "ధాత కరువు ఏడు. పొగబండి కూత ఇన్న రెండేండ్లకు." ధాత నామ సంవత్సరం అరవై ఏండ్లకొకసారి తిరిగి వస్తుంది. 1816లో వచ్చింది, 1876లో వచ్చింది, 1936లో వచ్చింది. సంవత్సరం పేరు ఒక్కటే చెప్తే మూడింట్లో ఏదో తేలదు. అందుకే పక్కన పొగబండి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు 1874లో మొదలైంది. ఆ దారి మా ఊరికి దక్షిణాన శంకర్‌పల్లి, నాగులపల్లి, లింగంపల్లి మీదుగా పోతుంది. 1874కు రెండు కలిపితే 1876, అచ్చంగా ధాత. దక్కనంతా అల్లాడిన కరువు కూడా అప్పుడే, 1876 నుంచి 78 దాకా. ఒక తెలుగు సంవత్సరం, ఒక రైలు, ఒక కరువు. మూడు మేకులు కొట్టి ఒక పెళ్లిని గోడకు బిగించాడు. నిజాం కాగితాల్లోని ఫసలీ సంవత్సరానికి 590 కలిపి ఇంగ్లీషు సంవత్సరం రాబట్టే నా లెక్క దీని ముందు పిల్లల ఆటలా అనిపించింది. ఆ కరువులో ఒక కాపు తన ఒక్క బిడ్డకు దూరపు అల్లుణ్ని ఎందుకు తెచ్చుకున్నాడో కూడా తేదీతోపాటే అర్థమైంది. పొలం చేసే మగచెయ్యి కావాలి. అల్లుడి ఊళ్లో తిండి లేదు.

అదే కాలంలో ఇంకో రకం తెలుగువాళ్లు ఇంకో రకం పుస్తకంలోకి ఎక్కారు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 342 మందితో 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాల్ తీరం చేరింది. 1911 దాకా అట్లా 384 ఓడల్లో 1,52,184 మంది చెరకు తోటలకు, గనులకు, రైలు పనులకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వాళ్లలో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్లు ఎందరో. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు. ఎడమ చెంప మీద మచ్చ, కుడి మోకాలి మీద గాయం లాంటివి. ఆ మచ్చ పట్టుకుని ఈనాటి మునిమనవలు తమ మూలాన్ని వెతుక్కుంటున్నారు, కొందరు ఊరి దాకా వస్తున్నారు. ఆ గుమాస్తా చేతి పనిని తక్కువ చేయను. పారిపోతే పట్టుకోవడానికి రాసిన గుర్తు నూటయాభై ఏండ్ల తరువాత ఒక మనిషిని తన ఇంటికి చేరుస్తోంది. కానీ ఒంటి మీద మచ్చ రాసినవాడు అది ఎట్లా పడిందో రాయలేదు. వంశరాజు అయితే ముందు అది చెప్పి తరువాత మనిషి దగ్గరికి వచ్చేవాడు.

మా ఊరికి దగ్గర్లో పటాన్‌చెరు దాటగానే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది, 1972లో పెట్టారు. అక్కడి విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా చల్లటి గదుల్లో ఉన్నాయి. ప్రతి పొట్లంతోపాటు అది ఏ దేశంలో, ఏ ఊళ్లో దొరికిందో రాసి పెడతారు. ఊరు తెలియని విత్తనానికి విలువ తగ్గుతుందని అక్కడ పనిచేసిన మా బంధువు ఒకాయన చెప్పేవాడు. వంశరాజు నోట్లో ప్రతి ఆడపడుచుకూ పుట్టిన ఊరు ఎందుకు అతుక్కుని ఉంటుందో ఆ మాటతో నాకు సరిగ్గా తెలిసింది.

ఒక్కచోట మాత్రం ఆయన మాట గాలిలో ఆగిపోయింది. ఇల్లరికం వచ్చిన మనిషి మొదట దున్నిన నేలను గుర్తుచేస్తూ "ఏనుగు పండుకున్నట్టుండే గుండు కింది చెలక" అన్నాడు. వేలు ఉత్తరం దిక్కు చూపింది. ఆ వేలు చూపిన చోట ఇప్పుడు గుండు లేదు. మా ఊరి చుట్టూ క్రషర్లు వచ్చి చాలా ఏండ్లయింది, పగలంతా రాయి నలిగే చప్పుడు, చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము, లారీల వరస. ఆ గుండు కంకరై ఏ రోడ్డు కిందికో, ఏ అపార్ట్‌మెంటు పునాదిలోకో పోయింది. ఆయనకు ఆ సంగతి తెలుసు, దారిలో చూసే వచ్చాడు. అయినా వంశంలో గుండును తీసేయలేదు. "లేదు గద పెద్దయ్యా" అంటే "ఉండె గద" అన్నాడు. ఆ రెండు మాటల తరువాత నేను ఇంకేం అనలేకపోయాను. సర్వే రాళ్లు కదిలిన ఊళ్లో, నంబర్లు చేతులు మారిన ఊళ్లో, ఆ చెలక ఎక్కడుందో ఇంకా సరిగ్గా చెప్పగలిగింది ఆయన ఒక్కడే.

ఆయన కొడుకులు ఈ పని పట్టలేదు. ఒకరు పాశమైలారం ఫ్యాక్టరీకి పోతారు, ఇంకొకరు ఆటో నడుపుతారు. అది వాళ్ల బతుకు, తప్పుపట్టడానికి నేనెవరిని? త్యాగం ఇచ్చే ఇండ్లు కూడా ఊరికి నాలుగైదు మిగిలాయి. నేను ఫోన్‌లో రికార్డు చేసుకుంటానంటే సరే అన్నాడు. రికార్డయింది, రెండు గంటల పైన ఉంది. తరువాత విన్నప్పుడు తంబుర మోగిన చోటల్లా ఒక గీత పెట్టుకుంటూ రాశాను. పేర్లన్నీ వచ్చాయి. తమ్ముడు గుర్తుచేసిన చోట అన్న ముఖంలో వెలిగిన ఆ వెలుగు మాత్రం అందులో లేదు.

వడ్లు, కొత్త పంచె, డబ్బు ఇచ్చాం. మా అమ్మ ఆయన సంచిలో బెల్లం ముద్ద పెట్టింది. లేస్తాడనుకుంటే లేవలేదు. "ఇగ నీ దిక్కెళ్లి చెప్పు" అన్నాడు. అర్థం కాలేదు. కిందటిసారి వచ్చి వెళ్లాక ఈ ఇంట్లో పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, వచ్చిన కోడండ్లు అందరూ కావాలి. మా కోడలు వంటింటి గడప దగ్గర నిలబడి వింటోంది. "ఏ ఇంటి ఆడపడుచువు బిడ్డా? ఏ ఊరు?" అని అడిగాడు. ఆమె పుట్టిల్లు జహీరాబాద్ దిక్కు. ఇంటిపేరు చెప్పింది. తల్లి పుట్టిల్లు కూడా చెప్పమన్నాడు, తెలియక ఆమె అక్కడే ఫోన్ చేసి వాళ్లమ్మను అడిగి చెప్పింది. ఆయన రెండుసార్లు అన్నాడు, తమ్ముడు ఒకసారి అన్నాడు.

"పిల్లలు?"

"ఒక ఆడపిల్ల, ఏడు నెలలు."

"పేరు?"

కోడలు చెప్పింది. ఈ కాలం పేరు, పలకడానికి ఆయన నాలుకకు కొత్త. మొదటిసారి తప్పుగా అన్నాడు, కోడలు సరిచేసింది. రెండోసారి సరిగ్గా అన్నాడు. తంబుర చంకకెత్తుకుని, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి గల్లీలోకి నడిచాడు. మలుపు తిరిగేదాకా ఆ పేరు వినబడుతూనే ఉంది. ఆయన ఒకసారి, తమ్ముడు ఒకసారి.